రాత్రిపూట లాన్ తవ్వేదెవరు?

సెప్టెంబర్ నెలాఖరు వచ్చిందంటే మా సబ్‌డివిజన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో బతుకమ్మ ఫోటోలతో పాటు ఇంకో రకం ఫోటోలు కూడా మొదలవుతాయి. ముందురోజు సాయంత్రం దాకా నున్నగా, పచ్చగా ఉన్న లాన్‌ని తెల్లారేసరికి ఎవరో గునపంతో కుళ్లగించినట్టు ఉంటుంది. ఒకరింట్లో గడ్డి చాప చుట్టినట్టు చుట్టి పక్కన పడేసి ఉంటుంది. ఇంకొకరింట్లో గోళీలాటకి తీసినట్టు వరసగా గుంటలు. ఫోటో కింద ఏడుపు బొమ్మలు, ఆ కింద సలహాలు.

ఈసారి సలహాలు కాస్త ముదిరాయి. ఒకరు కలరా ఉండలు చల్లమన్నారు. ఒకరు కారప్పొడి అన్నారు. ఇంకొకరు అందరం తలా ఇంత వేసుకుని బోను పెట్టిద్దామన్నారు. చివరికి ఒకాయన "ఏదో ఒక మందు కలిపి పెడితే పోలా?" అన్నారు. మా వీధిలో పదేళ్లలోపు పిల్లలు పదిమందికి పైనే ఉన్నారు. సాయంత్రమైతే అందరూ ఆ గడ్డి మీదే దొర్లుతారు. అందుకని ఆ మాటకి జవాబు చెప్పాలనిపించింది. వాట్సాప్‌లో రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. అయితే సర్వర్ పడిపోయినప్పుడు లాగ్స్ చూడకుండా రీస్టార్ట్ చేయొద్దని మా వృత్తిలో మొదటి పాఠం. ఇక్కడా అదే పనికొచ్చింది.

ముందు, వచ్చింది ఎవరు?

మేముండేది సెంట్రల్ జెర్సీ. ఇక్కడ లాన్ తవ్వే జంతువులు ముఖ్యంగా రెండు. మొదటిది రకూన్. కళ్లకి నల్ల గంతలు కట్టుకున్న దొంగలా ఉంటుంది. దాని ముందు కాళ్లు దాదాపు మన చేతుల్లాగే పనిచేస్తాయి. గడ్డిని అంచు పట్టుకుని లేపి, తివాచీలా చుట్టేయగలదు. పెద్దపెద్ద ముక్కలు తిరగబడి ఉంటే అది రకూన్ పనే. కొత్తగా పరిచిన గడ్డికి ఇంకా వేళ్లు పట్టవు కాబట్టి దానికి మరీ తేలిక. మా గ్రూపులో ఒకరు డబ్బు పోసి కొత్త గడ్డి వేయిస్తే, ఆ వారంలోనే అది మళ్లీ చుట్టబడింది.

రెండోది స్కంక్. పిల్లంత జంతువు, నల్లటి ఒళ్లు, వీపు మీద తెల్ల చారలు. దాని వాసన తెలియని అమెరికా తెలుగువాడు ఉండడు. అది గడ్డిని చుట్టదు. ముక్కుతో వాసన పట్టి, పురుగు ఉన్నచోటే గోళ్లతో మూడు నాలుగు అంగుళాల గుంట తీస్తుంది. గుంట గరాటు ఆకారంలో ఉంటుంది.

వీటితో కలిపి పొరపడేవి ఇంకా ఉన్నాయి. పగటిపూట రెండంగుళాల గుంట కనిపిస్తే ఉడుత చలికాలానికి కాయ దాచుకుందన్నమాట. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గుంటలు లేకుండా గడ్డి కింద మట్టి గీతలా ఉబ్బితే అది మోల్. మోల్ ముఖ్యంగా వానపాములు తింటుంది కాబట్టి నేను చెప్పబోయే వైద్యం దానికి సరిగ్గా కుదరదు. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లకైతే మొదటి అనుమానం ఆర్మడిల్లో మీద పెట్టుకోవచ్చు. అడవిపందులు ఎక్కువగా ఉన్న చోట్ల వాటి మీద కూడా.

గడ్డి కింద ఏముంది

ఈ జంతువులకి మన గడ్డితో పని లేదు. వాటికి కావలసింది దాని కింద ఉన్న తిండి. ఉందో లేదో చూసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. తవ్విన చోటికి పక్కనే చదరపు అడుగు కొలుచుకుని, మూడు వైపులా పారతో కోసి, రెండు మూడు అంగుళాల మందంలో గడ్డిని మూతలా వెనక్కి తిప్పాలి. కింద మట్టిలో తెల్లగా, లావుగా, గోధుమరంగు తలతో, ఇంగ్లీషు 'సి' అక్షరంలా ముడుచుకుని పడుకున్న పురుగులు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి, గడ్డిని మళ్లీ మూసి, నీళ్లు పోస్తే సరి.

నేను ఆ మూత తెరిచినప్పుడు మా నాన్న పక్కనే ఉన్నారు. అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి, ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. వంగి ఒక పురుగుని తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

"ఒరే, ఇది మన చేన్లో వేరుపురుగే గదరా! ఈడ గూడా ఉండాదా?"

నిజమే, రెండూ బంధువులే. మన వైపు వేరుశనగని, చెరకుని కొట్టే వేరుపురుగూ, ఇక్కడ గడ్డి వేళ్లు తినే గ్రబ్బూ పెంకుపురుగుల పిల్లలే. జాతులు వేరు, బతుకు తీరు ఒకటే. ఆ చదరపు అడుగులో నాన్న పద్నాలుగు లెక్కపెట్టారు. ఇక్కడి వ్యవసాయ విస్తరణవాళ్లు ఆరోగ్యంగా ఉన్న గడ్డి చదరపు అడుగుకి పది దాకా తట్టుకుంటుందని చెబుతారు. అయితే గడ్డి తట్టుకున్నా స్కంక్ ఊరుకోదు. అంతకన్నా తక్కువ ఉన్నా వాసన పట్టి తవ్వుతుంది.

నాన్న అన్న ఇంకో మాట నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. "మన దగ్గర అడవిపందులు చేన్లోకి వచ్చేది శనగకాయ కోసరం. అది మన తిండి. అందుకే చేను చుట్టూ పాత చీరలు కడతాం, రాత్రిళ్లు కాపలా పడుకుంటాం. ఇది తినేది పురుగును గదా. నీకు ఆ పురుగుతో ఏం పని?"

గ్రూపులో జరిగిన వాదనంతా అడవిపందిని తోలే పద్ధతిలో నడిచింది: కాపలా, కారం, బోను, విషం. మన పంటని ఎవరో దోచుకుంటున్నట్టు. ఇక్కడ ఆ జంతువు తినేది మన గడ్డికి శత్రువుని. దానికి తిండి లేకుండా చేస్తే చీరలు కట్టే అవసరమే లేదు.

ఆ పురుగు మా రాష్ట్రం నుంచే మొదలైంది

మా ప్రాంతంలో ఈ పురుగుల్లో పేరుమోసింది జపనీస్ బీటిల్ పిల్ల. పెద్దదయ్యాక మెరిసే ఆకుపచ్చ తల, రాగిరంగు రెక్కలు. జూలైలో గులాబీ ఆకుల్ని జల్లెడ చేసేది ఇదే. అమెరికాలో దీన్ని మొదటిసారి గుర్తించింది 1916లో, న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. ఫిలడెల్ఫియాకి ఎదురుగా డెలావేర్ నది ఒడ్డున ఉండే చిన్న ఊరు అది. విదేశీ మొక్కల మీద తనిఖీలకి 1912లో చట్టం వచ్చింది. అంతకుముందే జపాన్ నుంచి తెచ్చిన ఐరిస్ దుంపల మట్టిలో ఈ పురుగు వచ్చి ఉంటుందని అనుకుంటారు. జపాన్‌లో అది అంత పెద్ద తెగులు కాదు. అక్కడ దాన్ని తినే శత్రువులు ఉన్నాయి, పైగా ఇంత విశాలమైన పచ్చికలు లేవు. ఇక్కడికి వచ్చేసరికి శత్రువులు లేవు, కనుచూపు మేర గడ్డి ఉంది.

ఎంత గడ్డి అంటే, నాసా పరిశోధకులు 2005లో ఉపగ్రహ చిత్రాల సాయంతో వేసిన అంచనా ప్రకారం అమెరికాలో లాన్లు, పార్కులు, గోల్ఫ్ మైదానాలు కలిపి సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం దాదాపు అంతే! శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఒకే గడ్డి అనుకోండి. ఇంతా చేసి ఆ గడ్డి కూడా ఈ నేలది కాదు. కెంటకీ బ్లూగ్రాస్ పేరులోనే కెంటకీ ఉంది, పుట్టిల్లు యూరప్. యూరప్ గడ్డి వేళ్లని జపాన్ పురుగు తింటుంటే, వాటి కోసం తవ్వే రకూన్, స్కంక్ మాత్రమే ఇక్కడి స్థానికులు. ఆ పక్కన మార్ట్‌గేజ్ కడుతూ అనంతపురం నుంచి వచ్చిన నేను.

బీటిల్ బతుకు క్యాలెండర్ తెలిస్తే సగం సమస్య తీరినట్టే. జూన్ చివర్లో పెద్ద పురుగులు బయటికొస్తాయి. జూలై, ఆగస్టుల్లో ఆడపురుగు మట్టిలో దిగి విడతలవారీగా నలభై నుంచి అరవై గుడ్లు పెడుతుంది. గుడ్డు బతకాలంటే తేమ కావాలి కాబట్టి తడిగా ఉన్న నేలనే ఎంచుకుంటుంది. ఆగస్టు నుంచి పిల్లలు వేళ్లు తింటూ లావెక్కుతాయి. సెప్టెంబర్, అక్టోబర్లలో బాగా బలిసి పైపొరలోనే ఉంటాయి. రకూన్‌కి, స్కంక్‌కి అప్పుడే చలికాలానికి కొవ్వు పట్టించుకునే కాలం. మన గ్రూపు ఫోటోలు అప్పుడే రావడంలో వింతేమీ లేదు. చలికాలంలో పురుగులు లోతుకి దిగి, ఏప్రిల్‌లో మళ్లీ పైకి వస్తాయి. అందుకే వసంతంలో ఇంకో విడత తవ్వకం ఉంటుంది.

అంటే జూలై ఎండల్లో వీధి మొత్తానికీ ఎవరి లాన్ పచ్చగా ఉందో, బీటిల్ గుడ్లు వాళ్లింటికే ఎక్కువ చేరతాయి. రోజూ స్ప్రింక్లర్ తిప్పేవాళ్లకి ఈ మాట రుచించదు. ఇలాంటిదే ఒకటి 2023 అక్టోబర్‌లో ఆరిజోనాలో జరిగింది. సెడోనాలోని సెవెన్ కాన్యన్స్ గోల్ఫ్ మైదానాన్ని హవలీనాలు దున్నేసిన వీడియో మీరూ చూసే ఉంటారు. చూడడానికి పందుల్లా ఉండే ఎడారి జంతువులు అవి. చుట్టూ ఎండిపోయిన నేల. మధ్యలో నీళ్లు పోసి పెంచిన మెత్తటి పచ్చిక, దాని కింద వానపాములు, పురుగులు. విస్తరి వేసి పెట్టి, వచ్చారని కోప్పడితే ఎలా?

గ్రూపు సలహాల సంగతి

కలరా ఉండలు: బట్టల పెట్టెలో పెట్టే నాఫ్తలీన్‌ని ఆరుబయట చల్లడం ఇక్కడ చట్టప్రకారం కూడా తప్పే. పురుగుమందుల్ని లేబుల్ మీద రాసిన పద్ధతిలోనే వాడాలి. అంతకన్నా ముఖ్యం, చిన్నపిల్లలకి అవి తెల్ల చాక్లెట్‌లా కనిపిస్తాయి. మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. జి6పిడి లోపం ఉన్న పిల్లలకి ఇది మరీ ప్రమాదం. ఆ లోపం మన భారతీయుల్లోనూ ఉంది. ఇన్ని చేసినా స్కంక్ పక్కనుంచి తిరిగి వస్తుంది.

కారప్పొడి: ఒక వాన పడితే అయిపోయింది. వారానికోసారి చల్లుకుంటూ పోవాలంటే ఇండియన్ స్టోర్‌కి మంచి బేరం.

బోను పెట్టి దూరంగా వదలడం: వినడానికి దయగా ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా ఇలా చేయడం చట్టవిరుద్ధం, దానికి గట్టి కారణం ఉంది. రకూన్లలో ఉండే రేబిస్ రకం ఒకప్పుడు ఫ్లోరిడా, జార్జియా వైపే ఉండేది. 1970ల చివర్లో వేట సరదాకని దక్షిణాది నుంచి రకూన్లను పట్టి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా సరిహద్దుల్లో వదిలారు. వాటితో పాటు జబ్బూ దిగింది. అక్కడి నుంచి ఉత్తరంగా పాకుతూ 1989లో న్యూజెర్సీకి చేరింది, ఇంకా పైకి వెళ్లింది. ఇవాళ ఈ తూర్పు తీరంలో రకూన్ కరిస్తే ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుందంటే, ఎవరో జంతువుల్ని ట్రక్కులో ఎక్కించి ఇంకోచోట దించిన పుణ్యం. పైగా మన పెరట్లో తిండి అలాగే ఉంటే, ఒకటి పోయినచోటికి ఇంకోటి వస్తుంది.

విషం: అది స్కంక్ ఒక్కటే తింటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పక్కింటి కుక్క తినొచ్చు. చచ్చిన జంతువుని తిన్న గద్ద, గుడ్లగూబ పోవచ్చు. పాకే పిల్లాడు నోట్లో పెట్టుకోవచ్చు. ఇది చట్టవిరుద్ధం కూడా. దీని గురించి ఇంతకన్నా రాయను.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది. రకూన్లు ఒకేచోట పదేపదే మలవిసర్జన చేస్తాయి. డెక్ మూలలు, చెట్టు మొదలు, పిల్లల ఇసుక గుంట వాటికి ఇష్టమైన చోట్లు. అందులో ఉండే ఒక రకం ఏలికపాము గుడ్లు పిల్లల కడుపులోకి వెళితే మెదడుని, కళ్లని దెబ్బతీయగలవు. అరుదే, కానీ తీవ్రమైనది. ఇసుక గుంటకి మూత వేయండి. తవ్విన చోట్ల ఆడొచ్చాక పిల్లల చేతులు కడిగించండి. పగటిపూట తూలుతూ, మనిషిని చూసినా బెదరకుండా తిరిగే జంతువు కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా టౌన్‌షిప్ యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల రోజులు పోయాయి, ఇప్పుడు ఆలోచించడానికేం లేదు.

మరి ఏం చేయాలి

తవ్వకం ఇప్పుడు జరుగుతుంటే, లేచిన గడ్డిని మళ్లీ పరిచి, కాలితో నొక్కి, నీళ్లు పోయండి. ఒకటి రెండు రోజుల్లో చేస్తే చాలావరకు బతుకుతుంది. తవ్విన చోట్ల కోళ్ల గూళ్లకి వాడే ఇనుప వల పరిచి, మేకులతో నేలకి గట్టిగా బిగించండి. గోళ్లకి తగిలేసరికి విసిగి వదిలేస్తాయి. కదలిక కనిపెట్టి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు కూడా కొన్నాళ్లు పనిచేస్తాయి. చెత్త డబ్బాకి మూత బిగించండి, కుక్క గిన్నె రాత్రి బయట వదలొద్దు. డెక్ కింద స్కంక్ కాపురం పెట్టకుండా వల కట్టండి. వసంతంలోనూ, వేసవి మొదట్లోనూ లోపల పిల్లలు ఉండొచ్చు కాబట్టి అప్పుడు మాత్రం మూయొద్దు.

మీ కుక్క మీద స్కంక్ చిమ్మితే టమాటా రసం దండగ. క్వార్ట్ మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పావు కప్పు బేకింగ్ సోడా, చెంచాడు గిన్నెలు కడిగే సబ్బు అప్పటికప్పుడు కలిపి, కళ్లలో పడకుండా రుద్ది, అయిదు నిమిషాలాగి కడగండి. మిగిలింది సీసాలో పోసి మూత పెట్టొద్దు, పేలుతుంది.

ఇవన్నీ తాత్కాలికం. అసలు పని పురుగు మీద, సరైన నెలలో చేయాలి. అక్టోబర్‌లో లావెక్కిన పురుగు మీద మందు సరిగ్గా పనిచేయదు. గోల చేసేది అక్టోబర్‌లో, పని చేయాల్సింది మే నెలలో. క్లోరాంట్రానిలిప్రోల్ అనే మందుని ఏప్రిల్, మే నెలల్లో చల్లి నీళ్లు పెడితే, ఆగస్టులో పిల్లలు పుట్టేసరికి మట్టిలో సిద్ధంగా ఉంటుంది. పేరు చదవగానే నాన్న మొహం తిప్పుకున్నారు గానీ "కొరాజెన్" అనగానే గుర్తుపట్టారు. మన వరి రైతులు కాండం తొలిచే పురుగుకి కొట్టే మందు అదే. తేనెటీగలకి దీనితో ముప్పు తక్కువ. ఇంతకుముందు ఎక్కువగా వాడిన ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకి హాని చేస్తుందని, న్యూజెర్సీ 2022లో చట్టం చేసి ఇళ్ల లాన్ల మీద ఆ కుటుంబం మందుల వాడకాన్ని కట్టడి చేసింది. పాత డబ్బా గ్యారేజీలో ఉంటే చూసుకోండి.

మందు వద్దనుకునేవాళ్లకి మేలు చేసే నులిపురుగులు దొరుకుతాయి. ప్రాణమున్నవి కాబట్టి ఆగస్టు చివర్లో, ఎండ తగ్గాక, తడి నేల మీద చల్లి మళ్లీ తడపాలి. మిల్కీ స్పోర్ అనే బాక్టీరియా పొడి కూడా న్యూజెర్సీలోనే 1930లలో బయటపడింది. దానికి చరిత్ర గొప్పదే గానీ ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. బీటిల్స్‌ని పట్టే పసుపు సంచులు మాత్రం కొనొద్దు. పట్టేవాటికన్నా పిలిచేవే ఎక్కువ.

డబ్బు ఖర్చు లేనిది ఇంకోటి ఉంది. గడ్డిని మూడు అంగుళాలకన్నా పొట్టిగా కత్తిరించకండి, వేళ్లు లోతుకి వెళతాయి. జూలైలో కాస్త గోధుమరంగుకి తిరిగినా కంగారుపడి రోజూ నీళ్లు పోయకండి. బ్లూగ్రాస్ ఎండకి నిద్రపోతుంది, వానలు పడగానే లేస్తుంది. హెచ్‌ఓఏ ఉత్తరం వస్తే ఈ సంగతే రాసి పంపొచ్చు.

అన్నిటికన్నా ముందు లెక్కపెట్టండి. మూడు నాలుగు చోట్ల మూత తెరిచి చూసి, చదరపు అడుగుకి అయిదారు లోపే ఉంటే ఏ మందూ అక్కర్లేదు. అనుమానం ఉంటే మీ కౌంటీలో విశ్వవిద్యాలయ వ్యవసాయ విస్తరణ కార్యాలయం ఉంటుంది. న్యూజెర్సీలో రట్గర్స్‌వాళ్లది. మన మండల వ్యవసాయాధికారి లాంటివాళ్లు. పురుగుని డబ్బాలో వేసి తీసుకెళితే ఏదో చెబుతారు.

నాన్న వెళ్లేముందు ఇంకో మాట చెప్పారు. తొలకరి వానలకి వేరుపురుగు పెంకులు సాయంత్రాలు వేపచెట్ల మీద, రేగుచెట్ల మీద వాలతాయట. ఊళ్లో అందరూ ఒకే రాత్రి కొమ్మలు దులిపి, రాలినవాటిని కిరోసిన్ నీళ్లలో వేసేవాళ్లట. ఒక్కడు దులిపితే లాభం లేదు, పక్క చేను నుంచి ఎగిరొస్తాయి. మా వీధికీ అదే వర్తిస్తుంది. అందుకని గ్రూపులో బోను కోసం తలా ఇంత వేసుకుందామన్న ఆయనకి నా ప్రతిపాదన ఇది: ఆ డబ్బుతో మే నెలలో పక్కపక్క ఇళ్లవాళ్లందరం లెక్కపెట్టుకుని, అవసరమైన ఇళ్లకే ఒకేసారి మందు వేయిద్దాం. పదిహేను ఇళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు ఇప్పటికి సరేనన్నారు.

ఆ తర్వాత కూడా ఏ స్కంకో వచ్చి అక్కడక్కడా రెండు గుంటలు తీస్తే తీయనివ్వండి. మిగిలిన పురుగుల్ని ఏరుకుపోతుంది. పొద్దున్నే కాఫీ కప్పుతో బయటికొచ్చి కాలితో మట్టి నొక్కేస్తే సరిపోతుంది.